ప్రోగ్రామ్ నడిచింది, మరి మార్కులెన్ని?

సెమిస్టర్ చివర ఇంజినీరింగ్ కాలేజీల కంప్యూటర్ ల్యాబ్‌ల ముందు సందడి అంతా ఇంతా కాదు. విద్యార్థుల చేతుల్లో రికార్డులు, పెదవుల మీద రాత్రంతా వల్లెవేసిన ప్రోగ్రాములు. లోపల చాలాచోట్ల టేబుల్ మీద మడతపెట్టిన చీటీలు ఉంటాయి. ఏ చీటీ తీస్తే అందులోని ప్రశ్నే రాయాలి. మూడు గంటల్లో ప్రోగ్రామ్ రాసి, నడిపించి, బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగేవాటికి జవాబులు చెప్పాలి. పరీక్ష అయ్యి బయటికి రాగానే స్నేహితులు అడిగే మొదటి మాట: "అవుట్‌పుట్ వచ్చిందా?"

అవుట్‌పుట్ వస్తే మార్కులు వచ్చినట్టే అన్న నమ్మకం ఈ ప్రశ్న వెనక ఉంది. ఆ నమ్మకం ఎంతవరకు సరైనది? ప్రోగ్రామ్ నడిచినంత మాత్రాన రాసిన విద్యార్థికి ప్రోగ్రామింగ్ వచ్చినట్టేనా? నడవకపోతే ఏమీ రానట్టేనా? ల్యాబ్ పరీక్షల మూల్యాంకనం ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. నైపుణ్యాన్ని కొలవడం ఎలా అన్నది దీని వెనక ఉన్న శాస్త్రీయ సమస్య.

ల్యాబ్ పరీక్ష ఏం కొలవాలి?

ఈత గురించి చక్కటి వ్యాసం రాసినవాళ్లందరికీ ఈత వస్తుందని అనలేం. నీళ్లలోకి దిగితేనే తెలుస్తుంది. ప్రోగ్రామింగ్ కూడా అలాంటి నైపుణ్యమే కాబట్టి థియరీ పరీక్ష ఒక్కటే సరిపోదు, చేయించి చూడాలి. అయితే పరీక్షకుడికి నైపుణ్యం నేరుగా కనిపించదు, దాని ఆనవాళ్లు మాత్రమే కనిపిస్తాయి: కాగితం మీద రాసిన అల్గారిథమ్, తెర మీది ప్రోగ్రామ్, దాని ఫలితం, విద్యార్థి నోటి జవాబు.

ప్రోగ్రామింగ్ నైపుణ్యంలో కనీసం నాలుగు భాగాలున్నాయి. సమస్యను అర్థం చేసుకుని చిన్న చిన్న దశలుగా విడగొట్టడం మొదటిది. ఆ దశలను సి, జావా, పైథాన్ వంటి భాషలో రాయడం రెండోది. తప్పు ఎక్కడుందో వెతికి సరిదిద్దుకోవడం, ఫలితం నిజంగా సరైనదేనా అని పరీక్షించుకోవడం మూడోది. రాసినదాన్ని వివరించడం, అవసరాన్ని బట్టి మార్చడం నాలుగోది. తెర మీద కనిపించే అవుట్‌పుట్ ఈ నాలుగింటి ఉమ్మడి ఫలితం. అందులో ఏ భాగం బలంగా ఉందో, ఏది బలహీనంగా ఉందో అవుట్‌పుట్ చూసి చెప్పలేం.

ఈ కొలత ఎంత కష్టమో 2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వంలోని ఒక అంతర్జాతీయ బృందం చేసిన అధ్యయనం చూపించింది. నాలుగు విశ్వవిద్యాలయాల్లో ప్రాథమిక ప్రోగ్రామింగ్ కోర్సులు చదివిన 216 మందికి కాలిక్యులేటర్ లాగా లెక్కలు చేసే ప్రోగ్రాములు రాయమని పరీక్ష పెట్టారు. 110 మార్కులకు సగటున వచ్చినవి 22.89. అధ్యాపకులు అనుకున్నదానికి, విద్యార్థులు చేయగలిగినదానికి మధ్య చాలా దూరం ఉందని తేలింది. రేమండ్ లిస్టర్, ఆయన సహచరులు 2004లో ఏడు దేశాల విద్యార్థులతో మరో అధ్యయనం చేశారు. ఇతరులు రాసిన చిన్న ప్రోగ్రామ్‌ను చదివి అది ఏం చేస్తుందో చెప్పడంలోనే చాలామంది తడబడుతున్నారని అందులో కనిపించింది. చదవడమే రానివాళ్లు సొంతంగా రాయడంలో ఇబ్బంది పడటంలో వింత లేదు. అందుకే ల్యాబ్ పరీక్షలో రాయించడంతో పాటు చదివించడం, వివరింపజేయడం కూడా ఉండాలన్న ఆలోచన బలపడింది.

100 మార్కులు ఎలా పంచుతారు?

మన దగ్గర అమల్లో ఉన్న పద్ధతుల్లో ఒకదాన్ని చూద్దాం. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం బీటెక్ ఆర్22 నిబంధనల ప్రకారం ఒక ల్యాబ్ కోర్సుకు 100 మార్కులు. ఇందులో 40 సెమిస్టర్ పొడవునా జరిగే అంతర్గత మూల్యాంకనానివి, 60 చివరి పరీక్షవి.

అంతర్గత మార్కులు నాలుగు పదులుగా ఉంటాయి. రోజువారీ ప్రయోగాల రాతకు 10, వైవా లేదా దానికి సమానమైన పనికి 10, కాలేజీలోనే జరిగే ప్రాక్టికల్ పరీక్షకు 10, చిన్న ల్యాబ్ ప్రాజెక్టుకు 10.

చివరి పరీక్ష మూడు గంటలు. అక్కడి 60 మార్కుల విభజన ఇది:

• రాత (సమస్య, పద్ధతి, అల్గారిథమ్ వగైరా): 10
• ప్రోగ్రామ్ లేదా ప్రయోగం: 15
• ఫలితాల మూల్యాంకనం: 15
• అదే ల్యాబ్‌లోని మరో ప్రోగ్రామ్ గురించి వివరణ: 10
• వైవా: 10

అవుట్‌పుట్‌తో నేరుగా ముడిపడిన భాగం 15 మార్కులే. మిగతా 45 మార్కులు విద్యార్థి ఆలోచన, రాత, మాటల మీద ఆధారపడి ఉంటాయి. చీటీలో వచ్చిన ప్రశ్నతో సంబంధం లేకుండా మరో ప్రోగ్రామ్‌ను వివరించమనడంలోనూ ఒక కారణం కనిపిస్తుంది. చీటీ అంటే అదృష్టం. సులువైన చీటీ వచ్చినవాళ్లకూ కష్టమైనది వచ్చినవాళ్లకూ మధ్య తేడాను రెండో ప్రశ్న కొంత తగ్గిస్తుంది. నమూనా పెరిగితే కొలతలో అదృష్టం పాత్ర తగ్గుతుందన్న గణాంక సూత్రం ఇక్కడా పనిచేస్తుంది.

ఒక ప్రశ్న, నలుగురు విద్యార్థులు

కాగితం మీద విభజన బాగానే ఉంది. అసలు పరీక్ష మార్కులు వేసేటప్పుడే ఎదురవుతుంది. "కొన్ని పూర్ణసంఖ్యలు తీసుకుని, వాటిలో రెండో అతిపెద్ద సంఖ్యను ముద్రించే ప్రోగ్రామ్ రాయండి" అన్న ప్రశ్న వచ్చిందనుకుందాం. నలుగురు విద్యార్థులు నాలుగు రకాలుగా రాశారు.

మొదటి విద్యార్థి 'అతిపెద్ద', 'రెండో అతిపెద్ద' అనే రెండు చరరాశులకూ మొదట 0 విలువ ఇచ్చాడు. తర్వాత ఒక్కో సంఖ్యనూ వాటితో పోల్చుతూ వెళ్లాడు. 12, 45, 7, 30, 22 ఇస్తే 30 వచ్చింది. సరైనదే. కానీ -5, -2, -9 ఇస్తే -5 రావాల్సిన చోట 0 వస్తుంది. ఇచ్చిన సంఖ్యల్లో 0 లేనే లేదు.

రెండో విద్యార్థిని సంఖ్యలను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరుసలో పేర్చి, చివరి నుంచి రెండోదాన్ని ముద్రించింది. రుణసంఖ్యలు వచ్చినా ఇబ్బంది లేదు. కానీ 9, 9, 4 ఇస్తే జవాబు 9 వస్తుంది. అది తప్పా, ఒప్పా? ఒకే సంఖ్య రెండుసార్లు వస్తే ఎలా లెక్కించాలో ప్రశ్నలో చెప్పలేదు. ఇక్కడ లోపం ప్రశ్నపత్రానిదే, దానికి విద్యార్థిని మార్కులు కోయడం న్యాయం కాదు.

మూడో విద్యార్థిని ఈ సందర్భాలన్నీ ఆలోచించింది. అల్గారిథమ్ చక్కగా రాసింది. కానీ సి ప్రోగ్రామ్‌లో ఒక వరుస చివర సెమీకోలన్ మరిచిపోయింది. అలాంటప్పుడు కంపైలర్ తప్పును చాలాసార్లు తర్వాతి వరుసలో చూపిస్తుంది. అక్కడ వెతికితే ఏమీ కనబడదు. కంగారులో సమయం అయిపోయింది. అవుట్‌పుట్ రాలేదు.

నాలుగో విద్యార్థి ప్రోగ్రామ్ అన్ని సంఖ్యలకూ సరిగ్గా పనిచేసింది. "మూడో అతిపెద్ద సంఖ్య కావాలంటే ఏం మార్చాలి?" అని పరీక్షకుడు అడిగితే మాత్రం మౌనమే సమాధానం. ప్రోగ్రామ్ మొత్తం బట్టీ పట్టినదే.

పరీక్షకుడు ఒకే ఒక్కసారి, మామూలు సంఖ్యలతో ప్రోగ్రామ్ నడిపించి చూస్తే మొదటి, రెండో, నాలుగో విద్యార్థులకు పూర్తి మార్కులు, మూడో విద్యార్థినికి సున్నా. తరగతిలో అందరికంటే బాగా ఆలోచించిన అమ్మాయే తప్పినట్టవుతుంది.

అదే 60 మార్కులను పైన చెప్పిన అయిదు భాగాలుగా వేస్తే ఏమవుతుంది? మూడో విద్యార్థినికి రాతకు 10, ప్రోగ్రామ్‌కు 11, ఫలితాలకు 3, మరో ప్రోగ్రామ్ వివరణకు 7, వైవాకు 9 వేశామనుకుందాం. మొత్తం 40. నాలుగో విద్యార్థికి రాతకు 9, ప్రోగ్రామ్‌కు 15, ఒకే రకం సంఖ్యలతో సరిపెట్టినందుకు ఫలితాలకు 10, వివరణకు 4, వైవాకు 2 అనుకుందాం. ఇదీ 40. సున్నాకూ 60కీ మధ్య ఉన్న దూరం పూర్తిగా చెరిగిపోయింది. అయితే ఇద్దరి మొత్తం ఒకటే అయినా ఇద్దరి అవసరాలు వేరు. ఆమె తప్పులు వెతకడం నేర్చుకోవాలి, అతను ఆలోచించడం నేర్చుకోవాలి. మెమోలో ఒకే అంకెగా కనిపించే మార్కు ఈ తేడాను చెప్పదు. భాగాలవారీ మార్కులను విద్యార్థికి చూపిస్తేనే పరీక్ష నేర్పేది కూడా అవుతుంది.

కంప్యూటరే మార్కులు వేస్తే

ప్రోగ్రాములను కంప్యూటర్‌తోనే దిద్దించాలన్న ఆలోచన ఇప్పటిది కాదు. అమెరికాలోని రెన్‌సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్‌లో పంచ్ కార్డుల మీద రాసిన విద్యార్థుల ప్రోగ్రాములను తనంతట తానే దిద్దే పద్ధతిని జాక్ హాలింగ్స్‌వర్త్ 1960లోనే ప్రచురించారు. నేడు ఐఐటీ కాన్పూర్‌లో రూపుదిద్దుకున్న 'ప్రూటర్', మూడుల్ వేదికకు జతచేసే 'వర్చువల్ ప్రోగ్రామింగ్ ల్యాబ్' వంటి సాఫ్ట్‌వేర్లు విద్యార్థి ప్రోగ్రామ్‌ను క్షణాల్లో నడిపించి ఫలితం చెబుతాయి.

ఇవి పనిచేసే తీరు సరళమే. అధ్యాపకులు ముందుగా కొన్ని టెస్ట్ కేసులు తయారుచేస్తారు. ఒక్కో టెస్ట్ కేసులో ప్రోగ్రామ్‌కు ఇవ్వాల్సిన సంఖ్యలు, రావాల్సిన జవాబు ఉంటాయి. మన ప్రశ్నకే అయితే మామూలు సంఖ్యలు, అన్నీ రుణసంఖ్యలు, అతిపెద్దది రెండుసార్లు వచ్చే జాబితా, పెద్దదాని నుంచి చిన్నదానికి దిగే జాబితా, అన్నీ ఒకటే అయిన జాబితా అనే అయిదు టెస్ట్ కేసులు పెట్టవచ్చు. ఎన్ని నెగ్గితే అన్ని మార్కులు. ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ ప్రోగ్రామింగ్ కోర్సుల్లో కొన్ని టెస్ట్ కేసులు విద్యార్థికి కనిపిస్తాయి, కొన్ని కనబడవు. అన్నీ కనిపిస్తే అసలు లెక్క చేయకుండా, "ఈ సంఖ్యలు వస్తే 30 అని ముద్రించు" అని రాసి గట్టెక్కే వీలుంటుంది. దాచిన టెస్ట్ కేసులు ఆ దారి మూసేస్తాయి.

ఈ పద్ధతికి పెద్ద బలం నిష్పాక్షికత. మొదటి విద్యార్థికీ అరవయ్యో విద్యార్థికీ ఒకే కొలబద్ద. అలసట లేదు, చేతిరాత చూసి ముచ్చట పడటం లేదు, కాలేజీ పేరు చూసి చిన్నచూపు లేదు.

బలహీనతలూ ఉన్నాయి. జవాబుగా 30 అని మాత్రమే రావాలని ఆశించే యంత్రానికి "రెండో అతిపెద్ద సంఖ్య: 30" అని ముద్రిస్తే అది తప్పు. కంపైల్ కాని ప్రోగ్రామ్‌కు సున్నా, కాబట్టి మన మూడో విద్యార్థిని ఇక్కడా నష్టపోతుంది. ప్రోగ్రామ్ ఎప్పటికీ ఆగని లూప్‌లో పడితే యంత్రం కూడా ఆగిపోకుండా సమయ పరిమితి పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైన విషయాన్ని కంప్యూటర్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా చాలా కాలం క్రితమే గుర్తుచేశారు. పరీక్షించి చూస్తే తప్పు ఉందని తెలుస్తుందే తప్ప, తప్పులేమీ లేవని రుజువు కాదు. అధ్యాపకుడికి తట్టని సందర్భం టెస్ట్ కేసుల్లో ఉండదు, అక్కడ దాగిన తప్పు దొరకదు.

ఈ లోటు తీర్చడానికి పరిశోధకులు మరో దారి వెతికారు. మన దేశానికి చెందిన 'యాస్పైరింగ్ మైండ్స్' సంస్థ పరిశోధకులు 2014లో యంత్ర అభ్యసనంతో ప్రోగ్రాములను దిద్దే పద్ధతిని ప్రచురించారు. అవుట్‌పుట్‌ను మాత్రమే చూడకుండా ప్రోగ్రామ్ నిర్మాణాన్ని, అంటే లూపులు, షరతులు, వాటి మధ్య సంబంధాలను పరిశీలించి, మంచి ప్రోగ్రాములకు అది ఎంత దగ్గరగా ఉందో అంచనా వేయడం దాని సారాంశం. అనుభవమున్న పరీక్షకుడు కోడ్‌ను చదివి చేసే పని కూడా దాదాపు ఇదే.

ఇద్దరు పరీక్షకులు ఒకే మార్కు వేస్తారా?

కోడ్ చదివి, పద్ధతి గమనించి పాక్షిక మార్కులు ఇవ్వగలగడం మనిషి బలం. ఒకరికి 11 అనిపించింది మరొకరికి 7 అనిపించడం బలహీనత. ఈ తేడాను కొలవడానికి జేకబ్ కోహెన్ 1960లో 'కప్పా' అనే సూచికను ప్రతిపాదించారు. ఇద్దరి ఏకాభిప్రాయంలో కాకతాళీయంగా వచ్చే భాగాన్ని తీసేసి, మిగిలినదాన్ని అది లెక్కిస్తుంది.

ఒక ఉదాహరణ. ఇద్దరు పరీక్షకులు 50 మందిని విడివిడిగా దిద్దారు. 30 మందిని ఇద్దరూ పాస్ చేశారు, 10 మందిని ఇద్దరూ ఫెయిల్ చేశారు. మిగతా 10 మందిలో అయిదుగురిని ఒకరు, అయిదుగురిని మరొకరు పాస్ చేశారు. 50లో 40, అంటే 80 శాతం ఏకాభిప్రాయం. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇద్దరూ 70 శాతం మందిని పాస్ చేసేవాళ్లే కాబట్టి, కళ్లు మూసుకుని దిద్దినా 58 శాతం కలుస్తుంది (0.7 × 0.7 + 0.3 × 0.3 = 0.58). కాబట్టి కప్పా విలువ (0.80 - 0.58) ÷ (1 - 0.58), అంటే సుమారు 0.52 మాత్రమే. పూర్తి ఏకాభిప్రాయం ఉంటే అది 1 కావాలి.

ఈ విలువను పెంచే మార్గం ముందుగానే మార్కుల పట్టిక తయారుచేసుకోవడం. "ప్రోగ్రామ్‌కు 15" అని వదిలేయకుండా, ఇన్‌పుట్ సరిగ్గా తీసుకుంటే 3, లూప్ సరిగ్గా ఉంటే 4, పోలిక తర్కానికి 6, చదవడానికి వీలైన పేర్లు, అమరికకు 2 అని విడగొడితే ఇద్దరి మార్కులూ దగ్గరవుతాయి. ఒక్క సెమీకోలన్ పోతే ఎన్ని మార్కులు తగ్గించాలో కూడా ముందే రాసుకుంటే, అది ఆ రోజు పరీక్షకుడి మానసిక స్థితి మీద ఆధారపడదు.

వైవా: ఆరు నిమిషాల లెక్క

బట్టీ పట్టిన నాలుగో విద్యార్థిని గుర్తించింది వైవానే. కానీ దానికి సమయం ఏది? ఒక బ్యాచ్‌లో 30 మంది, పరీక్ష మూడు గంటలు అనుకుంటే మనిషికి 6 నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లోనే రాత చూడాలి, ప్రోగ్రామ్ నడిపించి చూడాలి, మరో ప్రోగ్రామ్ వివరణ వినాలి, ప్రశ్నలు అడగాలి. వైవాకు మిగిలేది రెండు నిమిషాలే కావచ్చు.

ఆ రెండు నిమిషాల్లో "పాయింటర్ అంటే ఏమిటి?" వంటి నిర్వచనాలు అడిగితే మళ్లీ బట్టీయే గెలుస్తుంది. విద్యార్థి రాసిన ప్రోగ్రామ్ మీదే అడగడం మేలు. "ఈ వరుస తీసేస్తే ఏమవుతుంది?", "ఇక్కడ పెద్దది గుర్తు బదులు చిన్నది గుర్తు పెడితే ఏం ముద్రిస్తుంది?", "నీ ప్రోగ్రామ్ తప్పు జవాబిచ్చే సంఖ్యలు ఏవైనా చెప్పగలవా?" ఇలాంటి ప్రశ్న ఒక్కటి చాలు. పైన చెప్పుకున్న 2004 అధ్యయనం చూపిన చదివే నైపుణ్యాన్ని ఇది నేరుగా తాకుతుంది. ఇంగ్లిష్‌లో తడబడే విద్యార్థికి తెలుగులో చెప్పే వీలిస్తే, కొలిచేది భాషను కాకుండా ప్రోగ్రామింగ్‌నే అవుతుంది.

కాపీ, కృత్రిమ మేధ

రికార్డులు, అసైన్‌మెంట్లలో కాపీని పట్టుకోవడానికి ప్రపంచవ్యాప్తంగా వాడే సాఫ్ట్‌వేర్లలో 'మాస్' ఒకటి. అలెక్స్ ఐకెన్ 1994లో దీన్ని రూపొందించారు. ప్రోగ్రామ్‌ను చిన్న చిన్న ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కను ఒక అంకెగా మార్చి, వాటిలో ఎంపిక చేసిన కొన్నింటిని వేలిముద్రల్లా దాచుకుంటుంది. రెండు ప్రోగ్రాముల వేలిముద్రలు ఎక్కువగా కలిస్తే చూపిస్తుంది. చరరాశుల పేర్లు మార్చినా, ఖాళీలు పెంచినా దాన్ని మోసగించలేరు. కానీ పది వరుసల చిన్న ప్రోగ్రామ్‌ను అందరూ దాదాపు ఒకేలా రాస్తారు. పోలిక కనిపించడం అనుమానానికి కారణమే తప్ప నేరానికి రుజువు కాదు. తుది నిర్ణయం మనిషి చూసి తీసుకోవాల్సిందే.

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఈ లెక్క మారింది. మన ఉదాహరణ వంటి ప్రశ్నకు అది క్షణాల్లో ప్రోగ్రామ్ రాసిస్తుంది. అడిగిన ప్రతిసారీ కాస్త వేరుగా రాయగలదు కాబట్టి పోలికలు వెతికే సాఫ్ట్‌వేర్‌కు చిక్కడం కష్టం. ఇంటి దగ్గర చేసుకొచ్చే పనికి ఇచ్చే మార్కుల విలువ ఇక్కడే తగ్గుతోంది. ఇంటర్నెట్ లేని ల్యాబ్‌లో, ఎదురుగా కూర్చోబెట్టి రాయించే పరీక్షకూ వైవాకూ విలువ పెరుగుతోంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పై పద్ధతుల్లో ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు. టెస్ట్ కేసులకు ఆలోచన కనబడదు. రాతలో బట్టీ దాగుతుంది. వైవాకు సమయం చాలదు. కలిపి వాడితే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. అవుట్‌పుట్ సరిచూసే పని యంత్రానికి అప్పగిస్తే పరీక్షకుడి ఆరు నిమిషాల్లో ఎక్కువ భాగం విద్యార్థితో మాట్లాడటానికి మిగులుతుంది. మార్కుల పట్టికను సెమిస్టర్ మొదట్లోనే ల్యాబ్ గోడకు అంటిస్తే ఏం నేర్చుకోవాలో విద్యార్థికి ముందే తెలుస్తుంది. చీటీలో రికార్డులోని ప్రశ్ననే యథాతథంగా ఇవ్వకుండా చిన్న మార్పు చేసి ఇస్తే బట్టీ పనికిరాదు. వీటిలో దేనికీ కొత్త భవనం, కొత్త కంప్యూటర్లు అక్కర్లేదు.

విద్యార్థి వైపు నుంచి చేయదగ్గ పనీ ఒకటుంది. ఒకసారి అవుట్‌పుట్ రాగానే ఆగిపోకుండా, తన ప్రోగ్రామ్ తప్పు చెప్పేలా చేసే సంఖ్యల కోసం తానే వెతకాలి. పరీక్షకుడి కంటే ముందే ఆ తప్పు తన కంటపడితే సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. రేపు ఉద్యోగంలో రాసే ప్రోగ్రామ్ ఆసుపత్రి బిల్లు లెక్కించవచ్చు, రైలు టికెట్ ఇవ్వవచ్చు. అక్కడ రుణసంఖ్య వచ్చిన చోట 0 అని చూపిస్తే నష్టపోయేది ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి.